అంచనాలో లేని యంత్రం సైట్‌కి వస్తే

హైదరాబాద్‌లో సెల్లార్ తవ్వుతుండగా జేసీబీ బకెట్ పళ్లు కిర్రుమన్నాయంటే సైట్‌లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. మొరం అయిపోయింది, బండ మొదలైంది. ఇక రాయిని పొడిచి పగలగొట్టే బ్రేకర్ కట్టిన హిటాచీ (పెద్ద తవ్వకం బండి) రావాలి. దాన్ని మోసుకొచ్చే ట్రైలర్ కావాలి, పగిలిన రాయి ఎత్తడానికి మరో బండి కావాలి, టిప్పర్లు పెరగాలి. ఇవేవీ అంచనాలో లేవు. అప్పుడు స్థల యజమాని నోట వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: గంటకి ఎంత?

ఆ ప్రశ్న సహజమే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకోటుంది. ఆ యంత్రం రాకుండా గడిచే ఒక్కో రోజు మనకి ఎంత పడుతోంది? ఈ అంకె తెలియకుండా అద్దె దగ్గర బేరమాడితే అక్కడ వేలు మిగులుతాయి, ఆలస్యంలో లక్షలు పోతాయి. ఐదారంతస్తుల అపార్ట్‌మెంట్ కట్టే చిన్న బిల్డర్ల బడ్జెట్ తలకిందులయ్యేది చాలాసార్లు ఇక్కడే. అందుకే ఈ లెక్కను మొదటి నుంచి చివరిదాకా విప్పి చూద్దాం.

ముందు నేల సంగతి. హైదరాబాద్ కింద ఉన్నది దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. మౌలాలి, గోల్కొండ, ఖాజాగూడ, జూబ్లీహిల్స్‌లో బయటికి కనిపించే గుండ్లే చాలా ప్లాట్ల కింద మట్టిలో కూరుకుని ఉంటాయి. ఈ రాయి పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు కరిగి మొరమైపోతుంది. మధ్య భాగం మాత్రం గుండులా మిగిలిపోతుంది. అందుకే ఇక్కడ బండ మట్టం బల్లపరుపుగా ఉండదు. ప్లాట్‌కి ఈశాన్య మూలలో ఆరు మీటర్లు తవ్వినా మొరమే రావచ్చు, నైరుతిలో మీటరున్నరకే షీట్ రాక్, అంటే ఏకంగా పరుచుకున్న బండ, తగలొచ్చు.

దీన్ని ముందే కనిపెట్టడానికి నేల పరీక్ష బోర్లు వేస్తారు. పునాదుల కోసం భూపరీక్ష ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 1892. దాని 1979 నాటి ప్రతి ప్రకారం సుమారు 0.4 హెక్టార్ల స్థలానికి, అంటే మన లెక్కలో దాదాపు ఎకరానికి, నాలుగు మూలల్లో ఒక్కోటి, మధ్యలో ఒకటి వేస్తే సాధారణంగా సరిపోతుంది. చిన్న భవనానికి మధ్యలో ఒక్కటైనా చాలు అని కూడా అందులో ఉంది. మన దగ్గర ఆరేడు వందల గజాల ప్లాట్లలో ఆ ఒక్కటీ కాగితం కోసమే వేసే సందర్భాలు ఎక్కువ. ఇంకో చిక్కు కూడా ఉంది. బోరు దిగుతూ ఒకచోట ఆగిపోతే రిపోర్టులో ‘రిఫ్యూజల్’ అని రాస్తారు. అక్కడ తగిలింది ఒంటరి గుండా, అసలు బండేనా అన్నది ఆ మాట చెప్పదు. ఇంకొంత లోతు కోర్ డ్రిల్లింగ్ చేసి, రాయి ముక్కలు బయటికి తీసి, అవి ఎంత పొడవుగా విరగకుండా వచ్చాయో చూస్తేనే తెలుస్తుంది. గుండు అయితే రెండు రోజుల పని. షీట్ రాక్ అయితే మూడు వారాలు పట్టొచ్చు. తగిలింది ఈ రెండిట్లో ఏది అన్నదే బోరు రిపోర్టు చదివే ప్రతి యజమానీ ఇంజినీరును అడగాల్సిన ప్రశ్న. అదనంగా రెండు కోర్లు తీయించడానికయ్యే ఖర్చు, బ్రేకర్ ఒక్కరోజు ఎక్కువ నడిస్తే అయ్యే ఖర్చుతో పోల్చి చూసుకోవాల్సినంతే ఉంటుంది.

ఇంతవరకూ చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. ‘అనుకోని యంత్రం’ అని మనం అనేదాంట్లో నిజంగా అనుకోనిది తక్కువ. బండ తగలొచ్చని తెలుసు. వానాకాలంలో గుంతలో నీళ్లు నిలుస్తాయని తెలుసు. స్లాబ్ పోసే రోజు కరెంటు పోవచ్చనీ, పక్కింటి గోడ దగ్గర మట్టి జారొచ్చనీ తెలుసు. తెలియనివి రెండే: ఎంత, ఎప్పుడు. రకం తెలిసి పరిమాణం తెలియనప్పుడు చేయాల్సిన పని ఒకటుంది. ధరను ముందే ఖాయం చేసుకుని, పరిమాణాన్ని తర్వాత కొలుచుకోవడం. బండ తగలకముందే ఇద్దరు యంత్ర యజమానులతో మాట్లాడి, గంటకి ఇంత, రాకపోకలకి ఇంత, కనీసం ఇన్ని గంటలు అని కాగితం మీద పెట్టుకుంటే సరిపోతుంది. అప్పటికి అవసరం లేదు కాబట్టి ధర నిదానంగా మాట్లాడుకోవచ్చు. గుంత తెరుచుకుని కూర్చున్నాక ఫోన్ చేస్తే మన తొందర అవతలివాళ్లకి గొంతులోనే వినిపిస్తుంది.

ఆగిన రోజు ఖరీదు

ఇప్పుడు అంకెలు. ఇవి లెక్క అర్థం కావడానికి అనుకున్నవే. మీ సైట్ అంకెలు వేసుకుని ఇదే లెక్క మళ్లీ చేసుకోవచ్చు.

800 గజాల ప్లాట్, అంటే సుమారు 669 చదరపు మీటర్లు. అందులో 200 చదరపు మీటర్ల మేర, 2 మీటర్ల మందాన బండ తగిలింది. పగలగొట్టాల్సింది 400 ఘనపు మీటర్లు. బ్రేకర్ బండి డీజిల్‌తో కలిపి గంటకి 2,500 రూపాయలు అనుకుందాం. రాయి ఓ మాదిరిగా ఉండి గంటకి 5 ఘనపు మీటర్లు పగిలితే 80 గంటలు, 2 లక్షల రూపాయలు. రాయి గట్టిదై గంటకి రెండున్నరే పగిలితే 160 గంటలు, 4 లక్షలు. రోజుకి 10 గంటల చొప్పున ఎనిమిది రోజుల పని పదహారు రోజులవుతుంది.

ఈ సైట్ ఒక రోజు ఆగితే ఎంత? 3 కోట్ల అప్పు ఇప్పటికే వాడుకుని ఉంటే 12 శాతం వడ్డీకి రోజుకి దాదాపు 9,900. సైట్ ఇంజినీరు, సూపర్‌వైజర్, వాచ్‌మన్ జీతాలు, తెచ్చి పెట్టుకున్న సెంట్రింగ్ సామాను అద్దె, ఊరికే కూర్చోబెట్టి బత్తా ఇవ్వాల్సిన మేస్త్రీ ముఠా, అన్నీ కలిపి ఇంకో 15,000. మొత్తం రోజుకి సుమారు 25,000.

ఇప్పుడు యజమాని మూడు కొటేషన్లు తెప్పించి, వారం తిరిగి, గంటకి 200 తగ్గించగలిగాడనుకోండి. 160 గంటల మీద మిగిలింది 32,000. ఆ వారానికి పోయింది 1,75,000. చాలా సైట్లలో జరిగేది సరిగ్గా ఇదే. మిగిలిన 32,000 అద్దె బిల్లులో కళ్లెదురుగా ఉంటుంది. పోయిన లక్షా డెబ్భై ఐదు వేలకి మాత్రం బిల్లంటూ ఏదీ రాదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కొంత, జీతాల పుస్తకంలో కొంత చెదిరిపోతుంది.

అయితే ఆ 25,000ని గుడ్డిగా నమ్మకూడదు. ఆగిన రోజు ఖర్చులో నిజంగా ఆగనివి మాత్రమే లెక్కలోకి రావాలి. మేస్త్రీ ముఠాని అదే బిల్డర్‌కి ఉన్న బాచుపల్లి సైట్‌కి పంపగలిగితే వాళ్ల బత్తా ఇక్కడ వేయకూడదు. అప్పు మంజూరై ఇంకా డ్రా చేయకపోతే దానికి వడ్డీ లేదు. సెంట్రింగ్ సామాను ఇంకా రాకపోతే దాని అద్దె లేదు. బండ ఉన్న మూలను వదిలేసి రెండో వైపు ఫుటింగుల (స్తంభాల కింది పునాది దిమ్మెల) పని నడిపించే వీలుంటే ఆలస్యమే సగానికి తగ్గుతుంది. ఈ కోతలన్నీ వేశాక రోజుకి 8,000 మాత్రమే మిగిలితే, అప్పుడు మూడు రోజులు ఆగి కొటేషన్లు తెప్పించుకోవడం తప్పేమీ కాదు. నిర్ణయం తొందరగా తీసుకోవాలా, నిదానంగానా అన్నది మనిషి స్వభావాన్ని బట్టి కాక ఈ అంకెను బట్టి ఉండాలి.

ఇదే లెక్కతో రెండో బ్రేకర్ తేవాలా వద్దా కూడా తేలుతుంది. రెండు బండ్లు నడిచినా మొత్తం గంటలు అవే 160. కానీ పదహారు రోజుల పని ఎనిమిదిలో అవుతుంది. రోజుకి 25,000 చొప్పున మిగిలేది 2 లక్షలు, రెండో బండి రాకపోకలకి పోయేది 30,000 అనుకున్నా లాభమే. అసలు ప్రశ్న స్థలం. 669 చదరపు మీటర్ల గుంతలో ర్యాంపు పోగా, టిప్పరు తిరగడానికి పోగా, రెండు బ్రేకర్లు ఒకదాని దారికి ఒకటి అడ్డం రాకుండా నిలబడగలవా? నిలబడలేకపోతే రెండో బండికి కట్టేది వెయిటింగ్ చార్జీ.

గంట లెక్కా, ఘనపు మీటరు లెక్కా

అద్దె మాట్లాడుకునేటప్పుడు రేటు కంటే పద్ధతే ఎక్కువ డబ్బు తింటుంది. గంట లెక్కన తీసుకుంటే రాయి గట్టిగా ఉన్నా, ఆపరేటర్ కొత్తవాడైనా, బ్రేకర్ ఉలి అరిగిపోయినా నష్టం మనదే. ఘనపు మీటరు లెక్కన ఇస్తే ఆ నష్టం బండి యజమాని మీదికి పోతుంది, కాబట్టి అతను దానికి తగ్గట్టు ఎక్కువే అడుగుతాడు. రాయి ఎంతుందో ఇద్దరికీ తెలియనప్పుడు మొదటి రెండు రోజులు గంట లెక్కన నడిపి, ఎంత పగిలిందో కొలిచి, ఆ తర్వాత ఘనపు మీటరు రేటుకి మారడం నాకు అన్నిటికంటే న్యాయంగా కనిపించే పద్ధతి. ఇద్దరి చేతిలోనూ అప్పటికి నిజమైన అంకె ఉంటుంది.

కొలత దగ్గర గొడవలు రాకుండా ముందే తేల్చుకోవాలి. తవ్వకముందు, తవ్విన తర్వాత లెవెల్స్ (నేల ఎత్తులు) తీసి గుంతలోనే కొలవడం అన్నిటికంటే నమ్మకమైనది. అది కుదరకపోతే పగిలిన రాయిని కుప్ప పోసి కొలుస్తారు. కుప్పలో రాళ్ల మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి ప్రభుత్వ పనుల్లో కుప్ప కొలతలోంచి 50 శాతం తీసేసే ఆనవాయితీ ఉంది. టిప్పర్ ట్రిప్పుల్ని బట్టి కొలుద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. సగం నింపిన టిప్పరూ ఒక ట్రిప్పే.

గంట లెక్కన నడిచేటప్పుడు మనల్ని కాపాడేది లాగ్ షీటు. పొద్దున బండి స్టార్ట్ చేయకముందు క్యాబిన్‌లోని అవర్ మీటర్ రీడింగ్, సాయంత్రం ఆపాక రీడింగ్, మధ్యలో ఉలి మార్చడానికో హోస్ పైపు పగిలిందనో ఆగిన సమయం, పోసిన డీజిల్ లీటర్లు, కింద ఆపరేటర్ సంతకం, మన సూపర్‌వైజర్ సంతకం. రోజూ రాయాలి. వారం చివర కూర్చుని రాసే లాగ్ షీటుకి విలువ లేదు. ఇంజిన్ ఆన్‌లో ఉంటే చాలు మీటర్ తిరుగుతుంది, రాయి పగిలినా పగలకపోయినా. అందుకే మీటర్‌ని మాత్రమే చూడకుండా బ్రేకర్‌ని కూడా గమనించాలి. ఉలి ఒకేచోట అర నిమిషం దాటి కొడుతూ, తెల్లటి పొడి లేవడమే తప్ప పగులు రావట్లేదంటే, ఆపరేటర్ అక్కణ్నుంచి జరిపి అంచు వైపు నుంచో, ఉన్న పగులు మీదో కొట్టాలి. అలాగే కొడుతూ పోతే రాయి పగలదు సరికదా, ఉలి మొన వేడెక్కి మెత్తబడుతుంది. మంచి ఆపరేటర్ గుంతలోకి దిగగానే ముందు రాయి చుట్టూ ఒకసారి నడుస్తాడు, పగుళ్లు ఎటు పోతున్నాయో చూసుకుంటాడు. అలాంటివాడికి రోజుకి ఐదొందలు బత్తా ఎక్కువిచ్చినా గంటల్లో తిరిగొచ్చేస్తుంది. అతనికి నీడలో కూర్చుని తినే చోటూ, మంచినీళ్లూ ఉండేలా చూడటం ఖర్చు కింద రాసుకోవాల్సిన విషయమే కాదు.

ఒక యంత్రం వెంట మరికొన్ని వస్తాయని మొదట్లోనే చెప్పాను. గ్రానైట్ ఘనపు మీటరు 2.6 నుంచి 2.7 టన్నులు తూగుతుంది. 400 ఘనపు మీటర్లంటే వెయ్యి టన్నుల పైమాటే. పగిలాక ఆ రాయి దాదాపు ఒకటిన్నర రెట్లు పొంగుతుంది, అంటే మోయాల్సింది 600 ఘనపు మీటర్లు. మొరానికి వేసిన టిప్పర్ల లెక్క దీనికి సరిపోదు. నగరంలో పగటిపూట భారీ వాహనాల మీద ఆంక్షలుంటాయి కాబట్టి లోడింగ్ రాత్రికి మారుతుంది. దాంతో ఫ్లడ్‌లైట్లు, జనరేటర్, రాత్రి సూపర్‌వైజర్ వచ్చి చేరతారు. బ్రేకర్ తెచ్చే ట్రైలర్ కూడా అవుటర్ రింగ్ రోడ్డు దాకా పగలే వచ్చినా లోపలికి దిగడానికి రాత్రయ్యేదాకా ఆగాల్సి రావచ్చు. కాబట్టి బ్రేకర్ అద్దె ఒక్కటే రాసుకుని ‘అదనపు ఖర్చు ఇంత’ అనుకుంటే అది పూర్తి లెక్క కాదు.

యంత్రం తేకుండా అయ్యే పని

బ్రేకర్‌కి ఫోన్ చేసే ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకి ఫోన్ చేయాలి. ఈ ఒక్క వరుస మార్చుకుంటే చాలా ఖర్చు తప్పుతుంది. బండ తవ్వకానికి అడ్డమేమో గానీ పునాదికి అంతకంటే మంచి ఆధారం లేదు. మొరం మీద నిలబెట్టడానికి వేసిన ఫుటింగ్ సైజు బండ మీద చిన్నదవ్వచ్చు, లోతూ తగ్గించొచ్చు. అలా మిగిలే స్టీలు, కాంక్రీటు బ్రేకర్ ఖర్చులో కొంత పూడుస్తాయి. సగం ఫుటింగులు బండ మీద, సగం మొరం మీద ఉంటే రెండూ ఒకేలా దిగవు కాబట్టి డిజైన్ మళ్లీ చూడాల్సిందే. ఆ పని బండ పగలగొట్టాక కాకుండా ముందే జరగాలి. లిఫ్ట్ గుంత, నీళ్ల సంప్, సెప్టిక్ ట్యాంకు సరిగ్గా బండ ఉన్న మూలలో గీసి ఉంటే వాటిని జరపగలమేమో అడగాలి. సంప్‌ని నాలుగు మీటర్లు పక్కకి జరిపితే తప్పే తవ్వకం ఒక్కోసారి రెండు రోజుల బ్రేకర్ పని.

తీయక తప్పదంటే బ్రేకర్ ఒక్కటే దారి కాదు. పేలుడు పద్ధతి చవక, త్వరగా అవుతుంది. కానీ అది 2008 నాటి పేలుడు పదార్థాల నియమాల కింద లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి, అనుమతులు కావాలి. ఇళ్ల మధ్య అది జరిగే పని కాదు, జరగకూడదు. పక్కింటి గోడకి బీటలొస్తే తర్వాత కట్టుకోవాల్సిన డబ్బు ఏ అంచనాలోనూ పట్టదు. రంధ్రాలు చేసి ఉబ్బే రసాయనం పోసి పగలగొట్టే పద్ధతి, డైమండ్ వైర్‌తో కోసే పద్ధతి నిశ్శబ్దంగా, అదురు లేకుండా అవుతాయి, ఖరీదు ఎక్కువ. పక్కన ఆసుపత్రో పాత ఇల్లో ఉంటే ఆ ఖరీదే నయం.

నీళ్ల సంగతి వేరు. 2020 అక్టోబర్ 13న కురిసిన వానకి నగరంలో ఎన్ని సెల్లార్లు చెరువులయ్యాయో ఇక్కడ ఉన్నవాళ్లెవరూ మర్చిపోలేదు. పంపు విషయంలో అద్దెకా, కొనాలా అన్న ప్రశ్నకి జవాబు బ్రేకర్ అంత కష్టం కాదు. 60,000 పెడితే వచ్చే పంపు, రోజుకి 1,500 అద్దె అనుకుంటే 40 రోజులకి సమానం. వాడాక సగం ధరకి అమ్ముకోగలిగితే 20 రోజులే. వానాకాలంలో తెరిచిన గుంతకి 20 రోజుల తోడకం ఎటూ తప్పదు. కాబట్టి రాణిగంజ్ వెళ్లి కొనుక్కోవడమే మేలు, విడిభాగాలూ మెకానిక్కూ అక్కడే దొరుకుతారు. బ్రేకర్ బండి అలా కాదు. ఏడాదిలో సగానికి పైగా రోజులు దానికి పని చూపించలేనివాళ్లు కొంటే వాయిదాలు కట్టడానికే ఇంకో వ్యాపారం మొదలుపెట్టాల్సి వస్తుంది. వానాకాలం ముందు సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్‌ఎంసీ ఆదేశాలిస్తుంటుంది కాబట్టి మే నెలలో అందరూ ఒకేసారి బండ్ల కోసం వెతుకుతారు. ఆ నెలలో ధరా పెరుగుతుంది, బండీ దొరకదు. ఫిబ్రవరిలో తవ్వకం మొదలుపెట్టగలిగితే అదే పెద్ద పొదుపు.

ఇంతవరకూ చెప్పిన లెక్కలన్నీ పక్కన పెట్టేయాల్సిన సందర్భం ఒకటుంది. గుంత గట్టు మీద పగులు కనిపించినా, పక్క గోడ కింద మట్టి రాలుతున్నా, గట్టు జారకుండా ఆపే షోరింగ్ సామానుకి గానీ, ఇసుక బస్తాలు దించడానికి క్రేన్‌కి గానీ కొటేషన్ అడగకూడదు. కూలీల్ని ముందు పైకి రప్పించి, దొరికిన యంత్రాన్ని దొరికిన ధరకి తెప్పించాలి. ఈ నగరంలో సెల్లార్ మట్టిపెళ్లల కింద పడి చనిపోయినవాళ్లలో చాలామంది ఎక్కడెక్కడి నుంచో కూలికి వచ్చినవాళ్లు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమ గట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయినప్పుడు, బురద తోడే పంపుల నుంచి ఇనుము కోసే పరికరాల దాకా ఎక్కడెక్కడివో తెప్పించాల్సి వచ్చింది. లోపల ఇరుక్కున్న టన్నెల్ బోరింగ్ మెషిన్ ముక్కల్ని కోయడానికి దక్షిణ మధ్య రైల్వే సిబ్బంది వెళ్లారు. మన సెల్లార్ అంత పెద్దది కాకపోవచ్చు. కానీ సైట్ ఇంజినీరుకి ఎవర్నీ అడగకుండా ఖర్చు పెట్టే అధికారం రాతపూర్వకంగా ఉండి తీరాల్సింది ఇలాంటి చోటే. యజమాని ఫోన్ ఎత్తలేదని ఆగిన పది నిమిషాలకి ప్రాణం పోకూడదు.

పక్కన పెట్టే డబ్బు

అంచనా చివర ‘అనుకోని ఖర్చులు 5 శాతం’ అని ఒక వరుస రాయడం అందరికీ అలవాటు. అది ఎందుకు 5, ఎందుకు 8 కాదు అంటే జవాబుండదు. అంతకంటే మంచి పద్ధతి ప్రమాదాల్ని విడివిడిగా రాసుకోవడం. బండ తగిలితే అద్దె, ఆలస్యం కలిపి 6 లక్షలు, తగిలే అవకాశం నూటికి నలభై అనుకుంటే సగటున 2 లక్షల 40 వేలు. నీళ్లకి, కరెంటుకి, గట్టుకి ఇలాగే వేసి కలుపుతారు. పెద్ద కంపెనీలు ఇలా చేస్తాయి.

కానీ ఈ సగటు చిన్న బిల్డర్‌ని ముంచుతుంది. ఇరవై సైట్లున్న కంపెనీకి కొన్నిచోట్ల బండ తగులుతుంది, కొన్నిచోట్ల తగలదు. మొత్తం మీద సగటు సరిపోతుంది. ఒకే సైట్ ఉన్న మనిషికి ఖర్చు సున్నా అవుతుంది, లేదంటే 6 లక్షలవుతుంది. 2 లక్షల 40 వేలు ఎప్పుడూ కాదు. అందుకని ఒకే ప్రాజెక్టు చేసేవాళ్లు రెండు అంకెలు వేరుగా పెట్టుకోవాలి. ఫ్లాట్ ధరలోకి ఎక్కించేది సగటు. అవసరమైతే చేతికందేలా ఉంచుకోవాల్సింది పూర్తి 6 లక్షలు. దాన్ని నగదుగా పెట్టుకోనక్కర్లేదు. వాడకపోతే వడ్డీ పడని ఓవర్‌డ్రాఫ్ట్ పరిమితి రూపంలో ఉంచుకోవచ్చు. మన దగ్గర చాలామంది ఈ అవసరాన్ని నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి తెచ్చే చేబదులుతో గట్టెక్కిస్తారు. అంటే ఏడాదికి 36 శాతం. బండ కంటే ఆ అప్పే ఎక్కువ నష్టం చేస్తుంది.

ఈ నిధికి గడువు కూడా ఉండాలి. తవ్వకం పూర్తయి ఫుటింగులు పడిపోయాక బండ కోసం పెట్టిన డబ్బుకి ఇక ఆ పని లేదు. దాన్ని అక్కడితో మూసేయాలి. మూయకపోతే అది మెల్లగా లాబీలో ఇటాలియన్ మార్బుల్‌గా మారిపోతుంది.

ఖర్చు ఎవరి మీద పడాలన్నది ఒప్పందం తేలుస్తుంది. చదరపు అడుగుకి ఇంత అని మొత్తంగా పని అప్పగించే ఒప్పందాల్లో ‘ఎలాంటి నేల అయినా’ అన్న మాట చేర్చి యజమానులు నిశ్చింతగా ఉంటారు. ఆ మాటకి కాంట్రాక్టర్ ధరలో ముందే వేసుకుంటాడు, లేదంటే బండ తగిలిన రోజున పని ఆపేసి బేరానికి కూర్చుంటాడు. కొలతల ప్రమాణం ఐఎస్ 1200 తవ్వకాన్ని నేల రకాన్ని బట్టి విడదీస్తుంది. అందులో పేలుడుతో తీసే గట్టి రాయి వేరు, పేలుడు నిషేధమైన చోట తీసే గట్టి రాయి వేరు. ఈ రకాలకి విడి విడిగా రేట్లు రాసుకుంటే సరిపోతుంది. అంతర్జాతీయంగా వాడే ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య) నమూనా ఒప్పందాల్లో ముందుగా ఊహించలేని భౌతిక పరిస్థితులు ఎదురైతే కాంట్రాక్టర్‌కి అదనపు ఖర్చు అడిగే హక్కుంది. అయితే అనుభవమున్న కాంట్రాక్టర్ టెండర్ నాటికి ఊహించలేనిదై ఉండాలి. కొండాపూర్‌లో బండను ఊహించలేదని ఏ కాంట్రాక్టరైనా అంటే నిలబడటం కష్టం. బోరు రిపోర్టులో చూపిన దానికి మించి ఎంత వచ్చిందో దాన్ని మాత్రం అడగొచ్చు. 1999 నాటి ఫిడిక్ పుస్తకం ప్రకారం విషయం తెలిసిన 28 రోజుల్లోపు నోటీసివ్వాలి, లేకపోతే హక్కు పోతుంది. చిన్న ఒప్పందాల్లోనూ ఇలాంటి గడువొకటి పెట్టుకుని, బండ కనిపించిన రోజే తేదీ పడేలా ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటే చివర్లో గొడవలు ఉండవు.

పన్ను సంగతి క్లుప్తంగా. యంత్రాల అద్దె మీద జీఎస్టీ 18 శాతం. 2019 ఏప్రిల్ 1 నుంచి నిర్మాణంలో ఉన్న మామూలు ఫ్లాట్ల మీద పన్ను 5 శాతమే, కానీ బిల్డర్‌కి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, లేదు. కాబట్టి ఆ 18 శాతం పూర్తిగా ఖర్చే. 4 లక్షల అద్దెకి 72,000. జీఎస్టీ నంబరు లేని బండి యజమాని దగ్గర తీసుకుంటే అది తప్పుతుందనుకోవచ్చు. కానీ బిల్డర్ కొనుగోళ్లలో 80 శాతం రిజిస్టరైనవాళ్ల దగ్గరే ఉండాలి, తగ్గినంత మేరకు తనే 18 శాతం కట్టాలి. బండి యజమాని కేంద్రం చిన్న సంస్థల్ని నమోదు చేసే ఉద్యమ్ పోర్టల్‌లో ఉన్న చిన్న సంస్థ అయితే రాత ఒప్పందం ఉన్నా 45 రోజుల్లోపు, లేకపోతే 15 రోజుల్లోపు డబ్బివ్వాలి. దాటితే ఆదాయపన్ను లెక్కలో ఆ ఖర్చు చెల్లించిన ఏడాదే దక్కుతుంది. చట్టం సరే, అతనూ ప్రతి నెలా బండి మీద వాయిదా కట్టుకోవాలి. వారం వారం లెక్క తేల్చి ఇచ్చేవాళ్ల సైట్‌కి మే నెలలో కూడా బండి వస్తుంది.

పని అయిపోయాక ఎక్కువమంది చేయనిది ఒకటుంది. ఏ మూలలో ఎన్ని మీటర్లకి బండ తగిలింది, బ్రేకర్ గంటకి నిజంగా ఎన్ని ఘనపు మీటర్లు పగలగొట్టింది, ఎన్ని ఉలులు అరిగాయి, టిప్పర్ ట్రిప్పులు ఎన్ని, ఇవన్నీ లాగ్ షీట్లలో ఉన్నాయి. వాటిని ప్లాన్ కాగితం మీదికి ఎక్కించడానికి సైట్ ఇంజినీరుకి ఒక పూట చాలు. ఒక కాపీ యజమాని దగ్గర, ఒకటి స్ట్రక్చరల్ ఇంజినీరు దగ్గర ఉంటే, అదే కాలనీలో తర్వాతి ప్లాట్‌కి అంచనా వేసేటప్పుడు బ్రేకర్ గంటలు మొదటి పేజీలోనే రాసుకోవచ్చు.